మన్నూబియా పిండి, ఫెర్జానీ కుట్లు

మన్నూబియా సాధించిన మొదటి విజయం ఆమె మామగారి కడుపు.

అది 1968. పెళ్లయి ఆరు నెలలు, ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. మామగారు హాజ్ బెల్గాసెం కడుపులో పుండుకి అవతలి ఒడ్డున స్ఫాక్స్ పట్నం పెద్దాసుపత్రిలో కోత కోసి కుట్టి, తెరచాప పడవలో దీవికి పంపించారు. దిగిన రోజు నుంచి ఆయన నోరు కట్టేసుకున్నాడు. కారణం అడిగితే ఒకటే మాట: "కుట్టిన కడుపు. పోసింది పోసినట్టు కారిపోతుంది. తిండి దండగ." ముగ్గురు కొడుకులు బతిమాలారు. అత్తగారు ఏడ్చింది. ఇమాముగారు వచ్చి గంటసేపు చెప్పి, చివరికి ఆయనకు తెచ్చిన పాలు తానే తాగి వెళ్లాడు. తొమ్మిది రోజులు గడిచాయి. మనిషి మంచంలో పరుపుకి, దుప్పటికి మధ్య కనిపించకుండా పోయే స్థితికి వచ్చాడు.

కొత్త కోడలు మామగారి ముందు నిలబడి వాదించే రోజులు కావవి. మన్నూబియా వాదించలేదు. చెయ్యి దూరేంత చిరుగున్న మేకతోలు సంచి ఒకటి అటక మీంచి తీసింది. గట్టి నూలుదారంతో కుట్టింది, కుట్టు మీద కొవ్వు రాసింది. బ్సీసా పిండితో పల్చగా జావ కాచి, చల్లార్చి అందులో పోసి, మామగారి మంచానికి ఎదురుగా గుమ్మానికి వేలాడదీసింది. కింద తెల్లగుడ్డ పరిచింది. మర్నాడు పొద్దుటికి ఆ గుడ్డ మీద చుక్క లేదు.

"ఇది నేను కుట్టింది మామయ్యా," అంది తల వంచుకుని. "మిమ్మల్ని కుట్టింది డాక్టరు."

ఆయన ఆ గుడ్డను తడిమి చూశాడు. వాసన చూశాడు. సంచి చుట్టూ కళ్లు తిప్పాడు. చివరికి, "చెంచా తే," అన్నాడు.

నలభయ్యో రోజున హాజ్ బెల్గాసెం పడవ వేసుకుని సముద్రంలో తన ఖర్జూరపు మట్టల కంచెల దగ్గరికి చేపలు తీయడానికి వెళ్లాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బతికాడు. కెర్కెన్నా దీవుల్లో, ముఖ్యంగా అత్తాయా ఊళ్లో, మన్నూబియాను అందరూ 'లెల్లా' అని గౌరవంగా పిలవడం అప్పుడే మొదలైంది. ఇరవై ఒక్క ఏళ్లకే లెల్లా అనిపించుకున్న ఆడది ఆ దీవిలో ఆమెకు ముందు లేదు, తర్వాతా లేదు.

బ్సీసా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. గోధుమలు, శనగలు, మసూర పప్పు, ధనియాలు, సోంపు, మెంతులు వేయించి విసిరిన పిండి. ఆలివ్ నూనె, ఖర్జూరం వేసి ముద్ద చేస్తే పొద్దుటి తిండి, నీళ్లలో కలిపితే దాహానికి జావ. అందరిదీ పిండే. మన్నూబియాది మాత్రం మందు. తేడా ఎక్కడుందంటే ఆమె చెప్పదు. శనగలు ముందు వేయించాలనీ, మెంతులు ఆఖరున, అదీ మూకుడు దించాక ఆ వేడికే వేగాలనీ చెబుతుంది. మిగతాది అడిగితే, "చేతిలో ఉంటుంది," అంటుంది. ఆమె చెయ్యి మామూలుగానే ఉంటుంది.

ఆ చేతి పిండి తిని లేచి నడిచినవాళ్లు నూట పద్నాలుగు మంది. ఒక ఫెర్రీ కెప్టెను, హెర్నియా. ఇద్దరు ఇమాములు, ఒకరికి కిడ్నీలో రాయి, ఇంకొకరికి అపెండిక్సు. కవలల్ని కోతతో కన్న ముగ్గురు తల్లులు. హెడ్‌మాస్టరుగారి మోకాలు. పన్ను పీకించుకున్న పోస్టుమాన్ కూడా ఈ లెక్కలో ఉన్నాడు, దాని మీద ఊళ్లో కొంత అభ్యంతరం ఉంది. రేవు కాపలాదారు అమ్మార్ ఆ పిండిని ఎన్నడూ ముట్టలేదనీ, చాటుగా తన గాడిదకు పెట్టాడనీ కూడా అంటారు. మన్నూబియా దానికి ఒకటే సమాధానం: "అమ్మార్ నడిచాడా, లేదా? గాడిద నడిచిందా, లేదా? అయితే నూట పదిహేను."

2018 అక్టోబరులో ఆమెకు డెబ్భై ఒక్క ఏళ్లు. విధవరాలు, పిల్లలు లేరు. చెల్లెలు స్ఫాక్స్‌లో ఉంటుంది. దీవిలో ఉన్నవాడల్లా ఫెర్జానీ, ఒక్కడే తమ్ముడు, అరవై ఆరేళ్లవాడు. ఫెర్జానీకి నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. తొమ్మిదేళ్ల మన్నూబియా రొట్టె నమిలి మెత్తగా చేసి వాడి నోట్లో పెట్టేది. ఈ ముక్క ఆమె ఎవరికీ చెప్పుకోదు, విజయాల లెక్కలో వేసుకోదు.

ఆ ఫెర్జానీ, ఆక్టోపస్ వేట మొదలయ్యేలోగా వాటిని పట్టే కుండలు సిద్ధం చేసుకోవాలని, మొపెడ్ వెనక పదిహేను మట్టికుండలు కట్టుకుని వస్తూ రేవు మలుపులో జారాడు. కుండల్లో పన్నెండు పగల్లేదు. తొడ ఎముక మాత్రం విరిగింది. అక్టోబరు తొమ్మిదిన స్ఫాక్స్‌లో లోపల కడ్డీ వేసి కుట్టారు. పదహారున ఫెర్రీలో ఇంటికి తెచ్చారు.

వచ్చిన రోజే రెండు సైన్యాలు మంచం దగ్గర దిగాయి. ఒకవైపు మన్నూబియా, చంకలో పిండిజాడీ, ఇంకో చేతిలో నూనెసీసా. మరోవైపు ఓల్ఫా. ఆ అమ్మాయి మన్నూబియా చెల్లెలి కూతురే, రమ్లాలో మందుల షాపు నడుపుతుంది. ఆమె చేతిలో డాక్టరు రాసిచ్చిన తెల్లపొడి డబ్బాలు రెండు.

"ఇందులో ఏముందే?" అంది మన్నూబియా డబ్బా తిప్పి చూస్తూ.

"ప్రోటీన్ పెద్దమ్మా. కండ పట్టడానికి, కుట్లు మానడానికి. జింకు, విటమిన్లు కూడా ఉన్నాయి. వెనీలా రుచి."

"కండ పట్టడానికి శనగ లేదా? పప్పు లేదా? నీ డబ్బాలో శనగ ఉందా?"

"శనగ ఎందుకుంటుంది పెద్దమ్మా?"

"అదే మరి. లేదు."

"నీ పిండిని నేను వద్దన్లేదు. కానీ రోగి ఒంట్లోకి వెళ్లాల్సినంత మాంసకృత్తి నీ పిండితోనే రావాలంటే మామయ్య రోజుకి మూకుడంత తినాలి."

"తింటాడు. నా తమ్ముడు."

ఫెర్జానీ ఇద్దరి వైపూ చూసి, ఇద్దరు దొంగలు పట్టుకున్న మేకపిల్లలా పడుకున్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు.

మర్నాటి నుంచి జనం రావడం మొదలైంది. ఫెర్రీ దిగి వచ్చిన రోగిని చూడ్డానికి వెళ్లకపోతే దాన్ని పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి పొద్దున ఎనిమిదింటికి మొదటి మనిషి వచ్చేవాడు, రాత్రి ఇషా నమాజు పిలుపుకి చివరి మనిషి లేచేవాడు. ఆ మధ్యలో పరుపుల మీద ఎప్పుడూ ఏడెనిమిదిమందికి తక్కువ ఉండేవాళ్లు కాదు. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. వంటింట్లో ఫెర్జానీ భార్య షెల్బియా పాలు కాచి పొడి వేస్తూ, పిండి కలుపుతూ, గిన్నెలు లోపలికి పంపుతూ నిలబడే ఉండేది. గదిలోకి నిండుగా వెళ్లిన గిన్నె ఖాళీగా బయటికి వస్తోంది. ఆమెకి అంతకంటే ఇంకేం కావాలి?

వారానికి పిండిజాడీ అడుగంటింది. డబ్బాలు రెండూ అయిపోయాయి. మన్నూబియా మొహం వెలిగిపోయింది, ఓల్ఫా మొహమూ వెలిగిపోయింది, రెండు మొహాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

అక్టోబరు ఇరవై మూడున స్ఫాక్స్‌లో డాక్టరు కట్టు విప్పి చూసి పెదవి విరిచాడు. కుట్టు కింది కొస తెరుచుకునే ఉంది, నీరు కారుతోంది. ఫెర్జానీ మూడు కిలోలు తగ్గాడు.

"ఏం తింటున్నాడు?"

"పెద్దజాడీ బ్సీసా," అంది మన్నూబియా.

"రెండు డబ్బాల పొడి," అంది ఓల్ఫా.

డాక్టరు ఫెర్జానీ పక్కటెముకల వైపు చూశాడు. ఆ తిండి అంతా ఎటు పోయిందో ఆయనకు అంతు చిక్కలేదు. "అమ్మా, చర్మం అతుక్కోవాలంటే లోపల సరుకుండాలి. ఇంకో మూడు వారాలు చూస్తాను. నవంబరు పదమూడున రండి. అప్పటికీ మూసుకోకపోతే మళ్లీ తెరిచి శుభ్రం చెయ్యాలి. ఈ వయసులో, ఇంత బలహీనంలో రెండోసారి మత్తు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. కానీ వేరే దారి ఉండదు."

తిరుగు ఫెర్రీలో గంటన్నర సేపు పెద్దమ్మా, చెల్లెలి కూతురూ పోట్లాడుకున్నారు. నూనె ముద్దలు అరక్క నీ పిండే పాడుచేసిందని ఒకరు, ఆ వెనీలా వాసనకి తిన్నది ఒంటపట్టకుండా పోయిందని ఇంకొకరు. రేవు వచ్చేసరికి మన్నూబియాకి డాక్టరు మాటల్లో ఒకటే మిగిలింది, రెండోసారి మత్తు. అందులోకి వెళ్లినవాడు తిరిగి రాకపోవడం ఆమె రెండుసార్లు చూసింది. ఆ ఇద్దరినీ ఆమె ఏ లెక్కలోనూ చెప్పదు.

మర్నాడు పొద్దున, అలవాటు ప్రకారం, అందరికంటే ముందు వెళ్లి మంచం పక్క కూర్చుంది. ఆ రోజు కబుర్లు చెప్పే మనసు లేక గిన్నె వైపే చూస్తోంది. పడవలు బాగుచేసే మహ్రెజ్ వచ్చాడు. షెల్బియా పిండిముద్ద గిన్నె తెచ్చి ఫెర్జానీ చేతికిచ్చింది. ఫెర్జానీ దాన్ని అటు నుంచి అటే మహ్రెజ్ చేతిలో పెట్టాడు.

"తీసుకో మహ్రెజ్."

"నువ్వు?"

"నాది అయింది."

మహ్రెజ్ బిస్మిల్లా అని మొదలుపెట్టాడు. "లెల్లా, నీ చేతికి మొక్కాలి. వారం నుంచి తింటున్నా. నడుం పట్టు పూర్తిగా వదిలింది. నిన్న పడవ కొన ఒక్కణ్ణే ఎత్తాను, మా ఆవిణ్ణి అడుగు."

మన్నూబియాకి మూడు ఊపిర్లంత సేపు ఎంతో సంతోషం వేసింది. నూట పదహారు. నాలుగో ఊపిరికి ఆమె మొహం మారిపోయింది.

"వారం నుంచా?"

"రోజూ. ఆ తెల్లపాలు కూడా, వెనీలావి. పక్కింటి సలూహా ఆ పాల కోసం మనవరాళ్లనీ తీసుకొస్తోంది కదా."

మహ్రెజ్‌ని చేయి పట్టి లేపి వాకిట్లోకి సాగనంపి వచ్చి, తలుపు మూసింది.

"నిజం చెప్పు ఫెర్జానీ. ఎప్పుడు తింటున్నావ్?"

"జనం వెళ్లాక."

"జనం ఎప్పుడు వెళ్తారు?"

"ఇషాకి. అప్పటికి నిద్ర ముంచుకొస్తుంది అక్కా. రెండు ముద్దలు తింటా."

"పగలు ఎందుకు తినవు?"

అడగాల్సిన ప్రశ్న కాదది. మంచంలో ఉన్న మనిషి పదిమంది చూస్తుండగా నములుతూ కూర్చోడు. కళ్లు పడతాయి, దాంతోపాటు సిగ్గు కూడా. ఎదుట మనిషి ఉండగా గిన్నె తన ముందు పెట్టుకోవడం ఆ ఇంటికి చిన్నతనం. వచ్చినవాళ్లకి పెట్టాలి. వచ్చినవాళ్లు వద్దనకూడదు. ఆ మర్యాద మన్నూబియాయే నేర్పింది వాడికి.

"అందరి ముందూ సరే. మరి నేను? అందరికంటే ముందొచ్చేది నేనేగా! నా ముందు తినొచ్చుగా, సన్నాసీ!"

"నువ్వు వచ్చేటప్పుడు ఒక్కదానివే వస్తావా?" ఫెర్జానీ పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "నువ్వొచ్చి కూర్చున్నావంటే లెల్లా వచ్చిందని ఇంకో పదిమంది వస్తారు. నీ మేకతోలు కథ వినడానికి. పొద్దున రెండుసార్లు చెబుతావు. సాయంత్రం మూడుసార్లు."

మన్నూబియా లేచింది. వాకిట్లో నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. ఇంకోసారి కడుక్కుంది. డెబ్భై ఒక్క ఏళ్లలో ఆమెను అలా మాటలేకుండా చేసిన మగవాడు ఇంకొకడు లేడు. వెనక్కి వచ్చి షెల్బియాతో, "ఓల్ఫాకి ఫోన్ చెయ్యి. డబ్బాలు తెమ్మను," అంది.

"ఏ డబ్బాలు వదినా?"

"ఆ వెనీలావే. నోరు మూసుకుని చెయ్యి."

సంధి ఆ మధ్యాహ్నమే కుదిరింది. పొద్దున, సాయంత్రం పిండి. పదింటికి, నాలుగింటికి పొడి. మధ్యలో గుడ్లు, చేపల పులుసు, పప్పు. ఎంత తినాలో ఓల్ఫా కాగితం మీద రాసి గోడకు అంటించింది. మూడో రోజు ఓల్ఫా వచ్చి చూస్తే పెద్దమ్మ ఆ తెల్లపొడిని నేరుగా తన పిండిలోకి వంపి, నూనె పోసి పిసుకుతోంది.

"పెద్దమ్మా! రెండూ కలిపేశావా?"

"నీ డబ్బాకి రుచి నేర్పుతున్నా."

ఓల్ఫా ముద్ద గిల్లి నోట్లో వేసుకుంది. ఇంకోసారి గిల్లింది. గోడ మీది కాగితంలో ఒక అంకె దిద్దింది.

ఇక జనం. రావద్దనడానికి లేదు. కాబట్టి మన్నూబియా వసారాలో, లోపలి తలుపుకి వీపు ఆనించి, పరుపు వేసుకుని కూర్చుంది. పరామర్శలన్నీ అక్కడే.

"ఎలా ఉన్నాడు లెల్లా?"

"నిద్రపోతున్నాడు."

అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు. అందుకే వాకిలి చప్పుడైనప్పుడల్లా కళ్లు మూసుకోవాలని తమ్ముడికి గట్టిగా చెప్పింది. ఫెర్జానీ ఆ మూడు వారాలూ చాలా భోజనాలు కళ్లు మూసుకునే చేశాడు. పులుసులో ముల్లు ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుంటూ, "అక్కా, కళ్లు తెరవొచ్చా?" అని లోపల్నుంచి అరిచేవాడు.

"నిద్రలో మాట్లాడుతున్నాడు పాపం," అనేవాళ్లు బయటివాళ్లు.

ఒక్క చిక్కు మిగిలింది. తెచ్చిన వంట ఎవరో ఒకరు రుచి చూసేదాకా తెచ్చినవాళ్లు లేవరు. రోగి నిద్రలో ఉన్నాడు. రోగి అక్క మెలకువగా ఉంది.

"నా చేత్తో కాచాను లెల్లా, తలకాయ పులుసు. మూలుగ కూడా ఉంది. వాడి బదులు నువ్వు."

"తేనె, వెన్న. కుట్లకి మంచిది. ఒక్క చెంచా."

"ఒక్క చెంచా ఏంటి లెల్లా, మా ఇంటి నూనె నచ్చలేదా?"

ఆమె తిన్నది. ఒక ఇంటిది తిని ఇంకో ఇంటిది వద్దంటే ఊళ్లో గొడవలు పుడతాయి. రోజుకి పది పన్నెండు ఇళ్ల కొవ్వు, వెన్న, నూనెలో వేయించిన గుడ్లు, బాదం పాకం. రెండో వారానికి గౌను చంకల దగ్గర బిగుసుకుంది. కుడి పక్కటెముకల కింద ఏదో పట్టినట్టు ఉండేది, వీపులోకి పొడిచేది. రోజ్‌మేరీ కషాయం తాగి, షెల్బియా చూస్తే "కూర్చుని కూర్చుని," అనేది. మేకతోలు కథ మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. కథ విన్నవాళ్లు ఇంకాసేపు కూర్చుంటారని ఇప్పుడామెకి తెలుసు. ఆ మూడు వారాల్లో ఆమె చేసిన పనులన్నిట్లోకీ అదే కష్టమైంది.

లోపల ఫెర్జానీ బుగ్గలు నిండుతున్నాయి. నవంబరు మొదట్లో కట్టు మార్చిన నర్సు, తడి తగ్గిందంది. ఆ మాట నమ్మక మన్నూబియా కళ్లజోడు తుడుచుకుని తానే వంగి చూసింది. ఆ తర్వాత రోజూ చూసేది. "అది కాలు అక్కా, పొయ్యి మీద గిన్నె కాదు," అనేవాడు ఫెర్జానీ.

నవంబరు పదమూడు, మంగళవారం. తెల్లారే ఫెర్రీలో ముగ్గురూ వెళ్లారు. డాక్టరు కట్టు విప్పాడు. వేలితో కుట్టు పొడవునా నొక్కుకుంటూ వచ్చాడు, కింది కొస దగ్గర ఆగాడు, ఇంకాస్త నొక్కాడు. పొడిగా ఉంది. మూసుకుంది. తూకం మీద ఫెర్జానీ మూడున్నర కిలోలు పెరిగాడు.

"ఇప్పుడు తెరవక్కర్లేదు. ఏం మార్చారు?"

"డబ్బా," అంది ఓల్ఫా.

"పిండి," అంది మన్నూబియా.

"తలుపు," అన్నాడు ఫెర్జానీ.

డాక్టరు ముగ్గురినీ చూసి, కాగితం మీద 'ఆహారం బాగుంది' అని మాత్రం రాశాడు.

నడవాలోకి వచ్చాక మన్నూబియా గోడ పట్టుకుంది. మొదట, సంతోషంతో అనుకున్నారు. ఆమె మొహం నిమ్మపండు రంగులో ఉండటం ఓల్ఫా ముందు చూసింది. కింది అంతస్తులో స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు, అందులో ఒకటి ఆలివ్ గింజంత. అక్కడి డాక్టరమ్మ అడిగింది, "ఈమధ్య కొవ్వు పదార్థాలు ఎక్కువ తిన్నారా అమ్మా?"

"నేనా? నాకని ఒక్కటీ తినలేదు. మా తమ్ముడి కోసం వచ్చినవే."

"రాళ్లు చాలా ఏళ్లుగా ఉండుంటాయి. ఇప్పుడు లేచాయి. తీసేయాలి. అప్పటిదాకా నూనె, వెన్న, మాంసం వద్దు. తర్వాత కొన్నాళ్లు కూడా తేలిగ్గా తినాలి."

"నూనె లేకుండా బ్సీసా ఎలా కలుపుతారు?" అంది మన్నూబియా. అడిగింది డాక్టరమ్మనే అయినా, జవాబిచ్చింది ఓల్ఫా. "నీళ్లతో పెద్దమ్మా. పల్చగా."

ఆమె స్ఫాక్స్‌లో చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. ఫెర్జానీ చేతికర్రతో ఒక్కడే ఫెర్రీ దిగి, ఆ సాయంత్రమే తానే మూకుడు పొయ్యి మీద పెట్టాడు. అరగంటకి ఫోన్.

"అక్కా, మెంతులు నల్లబడ్డాయి."

"పొయ్యి మీద ఉండగా వేశావా?"

"వేశా."

"దించాక వెయ్యాలిరా! యాభై ఏళ్లుగా చెబుతున్నా!"

"యాభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నావు. నేను వినేది మేకతోలు కథ ఒక్కటే కదా."

"పారబొయ్యి. మళ్లీ వేయించు. శనగలు ముందు. షెల్బియాని ముట్టనివ్వకు, నువ్వే. చెయ్యి కాల్చుకోకు."

మూడోసారికి కుదిరింది. ఆ జాడీ బుధవారం ఫెర్రీలో స్ఫాక్స్ చేరింది. మన్నూబియా మూత తీసి వాసన చూసి, వేలికి పిండి అంటించుకుని రుచి చూసింది. ధనియాలు ఎక్కువయ్యాయని చెల్లెలితో అంది. అంటూనే జాడీని చేరువగా, తలగడ పక్కన పెట్టుకుంది.

మిలాద్ పండుగ ఇరవయ్యిన, ఆమె అక్కడే చేసుకుంటుంది, వెన్న లేకుండా. ఆపరేషన్ ఇరవై రెండు, గురువారం. అంతా సవ్యంగా జరిగితే ఆదివారం పంపిస్తామన్నారు. నవంబరు ఇరవై ఆరు, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల ఫెర్రీలో మన్నూబియా అత్తాయాకు వస్తుంది. గాలి తిరిగితే మర్నాడు పొద్దున.